మన విజువల్ నావెల్‌కి నిలువు వీడియోలు

అందరికీ నమస్తే. మన విజువల్ నావెల్ (బొమ్మలు, డైలాగులతో కథ నడుస్తూ ఆడేవాళ్లు ఎంపికలు చేసుకునే గేమ్) డెమో పనిలో పడి షార్ట్స్, రీల్స్ సంగతి పక్కన పెట్టొద్దండి. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మన విష్‌లిస్టులు (తర్వాత కొందామని గేమ్‌ని జాబితాలో పెట్టుకునేవాళ్లు) పెరగాలంటే ఇప్పటి నుంచే జనానికి కనిపిస్తూ ఉండాలి.

అసలు చిక్కు ఫ్రేమ్‌తోనే. మనం గేమ్ తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్ రెన్‌పైలో మన సీన్లు 1920×1080, అడ్డంగా ఉన్నాయి. నిలువు వీడియోకి 1080×1920 కావాలి. స్క్రీన్ రికార్డింగ్‌ని అలాగే కత్తిరిస్తే డైలాగ్ సగం పోతుంది, మిగిలింది యాప్ బటన్ల కింద పడిపోతుంది. అందుకే బ్యాక్‌గ్రౌండ్, స్ప్రైట్లు (పాత్రల బొమ్మలు) విడిగా తీసుకుని నిలువు ఫ్రేమ్‌లో మళ్లీ పేర్చండి. డైలాగ్ తెర మధ్యలో, పెద్ద అక్షరాల్లో, ఒకసారికి ఒక్క వాక్యమే.

మొదట్లో లోగో వద్దు. ఎటూ తేల్చుకోలేని ఛాయిస్ మెనూతో మొదలుపెట్టి, మీరైతే ఏది ఎంచుకుంటారని అడగండి. మన తరహా గేమ్‌కి ఇంతకంటే మంచి ఎర లేదని నా నమ్మకం. ముగింపులు మాత్రం దయచేసి బయటపెట్టకండి.

షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టే లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కినా తెరుచుకోవు. కాబట్టి గేమ్ పేరు వీడియోలోనే కనిపించాలి. స్టీమ్ పేజీ లింకు ప్రొఫైల్‌లో పెట్టి యూటీఎం ట్యాగ్ (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే గుర్తు) తగిలిస్తే, దాని ద్వారా ఎంతమంది వచ్చారో స్టీమ్ చూపిస్తుంది.

టిక్‌టాక్ 2020 జూన్ నుంచి ఇండియాలో లేదు. అమెరికాలో ఉన్నవాళ్లలో ఎవరైనా ఆ ఖాతా చూసుకోగలరా? ఆదివారంలోగా ఇక్కడే చెప్పండి.