నూలు పేలికలను చెత్తలో కలపవద్దు

సంపాదకుల వారికి,

నెల్లూరు చిన్నబజారు పరిసరాల దర్జీ దుకాణాల్లో మిగిలే నూలు ముక్కలు, రవికె చంకల దగ్గర కత్తిరించిన నెలవంక తునకలతో సహా, తడిచెత్తలో కలిసిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. పత్తిలో 90 శాతానికి పైగా ఉన్నది సెల్యులోజ్ అనే మొక్కల పీచు పదార్థమే. ఆ పేలికలను శుద్ధిచేసి, తగు మోతాదు ఆమ్లంతో ఉడికిస్తే మందుబిళ్లలు విరిగిపోకుండా పట్టి ఉంచే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి వస్తుంది. శుద్ధిచేసిన పేలికలనే ఎన్‌ఎంఎంఓ అనే ద్రావణిలో కరిగించి సన్నని రంధ్రాల గుండా నీటిలోకి వదిలితే బట్టలు నేసే లయోసెల్ అనే దారం తయారవుతుంది, పైగా ఆ ద్రావణిని దాదాపు అంతా తిరిగి వాడుకోవచ్చు.

అసలు చిక్కు సెల్యులోజ్ కాని పాలియెస్టర్ కలిసిన గుడ్డతోనే. అందువల్ల ఏరివేత కత్తెర పడిన చోటే, ఏ గుడ్డ ఏదో తెలిసిన దర్జీ చేతిలోనే జరగాలి. స్వీడన్‌లో 2022లో ఉత్పత్తి ప్రారంభించిన, పాత నూలు బట్టలను తిరిగి దారానికి పనికొచ్చే గుజ్జుగా మార్చే రెన్యూసెల్ కర్మాగారం తగినన్ని ఆర్డర్లు లేక 2024లో దివాలా తీసింది కనుక, కొనుగోలుదారులను ముందే కుదుర్చుకోవడం తప్పనిసరి.

ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి వస్త్ర వ్యర్థాల ప్రత్యేక సేకరణను తప్పనిసరి చేసింది. మన నగరపాలక సంస్థ కనీసం దర్జీ దుకాణాలకు విడి సంచులిచ్చి, వారానికోసారి నూలు ముక్కలను సేకరించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, నెల్లూరు