జొన్నరొట్టె మీద నింద

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. క్షయ మందులు మొదలుపెట్టిన రెండో నెలలో మీ బాబాయికి అరికాళ్ళు తిమ్మిరెక్కి మండుతున్నాయనీ, జొన్నరొట్టె వేడి చేసిందని మీ పిన్ని రొట్టెలు మాన్పించి అన్నం పెడుతోందనీ రాశావు. మందులతోపాటు ఇచ్చిన చిన్న మాత్రను "బలానికే కదా" అని డబ్బాలోనే ఉంచేశారన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

ఆ చిన్న మాత్ర పిరిడాక్సిన్, అంటే బి6 విటమిన్. ఒంట్లో నూటికి పైగా ఎంజైములు దాని తోడు లేకపోతే పనిచేయలేవు. క్షయ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్‌కు ఆ విటమిన్‌ను అంటిపెట్టుకునే గుణం ఉంది. రెండూ జతకట్టి మూత్రంలో పోతాయి, నరాలకు బి6 కరువవుతుంది. (మూత్రం నారింజరంగుకు తిరగడం వేరు. అది రిఫాంపిసిన్ అనే మరో క్షయ మందు రంగు, భయపడవద్దని చెప్పు.)

మరి అందరికీ తిమ్మిర్లు రావేమని అడుగుతావు. ఐసోనియాజిడ్‌ను కాలేయంలో విరిచే ఎన్ఏటీ2 అనే ఎంజైము కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. చురుకైన వారి రక్తంలో మందు దాదాపు గంటలో సగానికి తగ్గితే, మందకొడి వారిలో అందుకు మూడు గంటలు పడుతుంది. మన దేశంలో సగానికి పైగా మంది ఈ రెండో రకమే. తిమ్మిర్లు వీరికే ఎక్కువని మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం వారు ఏనాడో గమనించారు.

అయితే జొన్నను అనుమానించిన మొదటి మనిషి మీ పిన్ని కాదు. కేవలం జొన్నల మీదే బతికే దక్కను పేదల్లో పెల్లాగ్రా (నియాసిన్ అనే బి3 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) కనిపిస్తుంటే, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లమే కారణమని హైదరాబాదులో పోషకాహార పరిశోధన చేసిన గోపాలన్, శ్రీకంటియాలు 1960లో ప్రతిపాదించారు. ఆ వాదనను తర్వాత అందరూ ఒప్పుకోలేదు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి: మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని మన శరీరం నియాసిన్‌గా మార్చుకునే దారిలోని ఒక ఎంజైముకు కూడా బి6 కావాలి. అంటే ఐసోనియాజిడ్ వాడుతూ ఆ మాత్ర మానేస్తే, తిండి అంతంతమాత్రమైన వారికి పెల్లాగ్రా సైతం రావచ్చు. ఎండ తగిలే మెడ మీదా, ముంజేతుల మీదా చర్మం నల్లబడి పొలుసులు రాలుతోందేమో ఒకసారి చూడు.

ఇందులో రొట్టె చేసిన తప్పేమిటో నాకు కనబడదు. పైగా పాలిష్ పట్టిన బియ్యంలో బి6 జొన్నల కంటే తక్కువ. రొట్టె మాన్పించి పిన్ని ఆ కాస్తా తగ్గించింది. మళ్ళీ రొట్టెలే చేయమను, పక్కన పప్పో గుడ్డో ఉండాలి.

క్షయ మందులు మాత్రం ఒక్క రోజూ ఆపవద్దు. రేపే డాక్టరుకు తిమ్మిర్ల సంగతీ, వాడని మాత్ర సంగతీ దాచకుండా చెప్పి, బి6 ఎంత మోతాదులో వేసుకోవాలో అడగండి. ఇప్పటికే నొప్పి మొదలైంది కనుక ముందు రాసిన మోతాదు చాలకపోవచ్చు. చక్కెర వ్యాధి వల్ల కూడా కాళ్ళు ఇలాగే మండుతాయి, ఆ పరీక్షా చేయించండి. గ్యాస్ మందు తాగుతుంటే అది కూడా చూపించండి, అల్యూమినియం ఉన్న రకాలు ఐసోనియాజిడ్‌ను ఒంటపట్టనివ్వవు.

ఆదివారం నేను వస్తున్నాను. ఆ డబ్బా పారేయవద్దని పిన్నితో చెప్పు. ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టాలి.

నీ
మురళి