‘నిద్ర నార్మల్, ఆకలి నార్మల్’ అని రాసేముందు

ఎడిటర్ గారికి,

ఏ వార్డులో కేస్ షీట్ తీసినా మొదటి పేజీలో నిద్ర, ఆకలి అని రెండు గడులు కనిపిస్తాయి. ఎదురుగా చాలాసార్లు ‘నార్మల్’ అనే ఉంటుంది. అందులో రోగిని అడిగి రాసింది తక్కువ, చెయ్యి అలవాటున రాసింది ఎక్కువ. ఏటా అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినోత్సవానికి మన విశాఖలో ర్యాలీలు, ఫ్లెక్సీలు చూస్తున్నాం. ఆ రెండు గడులు అడిగి నింపితే అంతకంటే ఎక్కువ ఉపయోగం.

మన దగ్గర ‘మనసు బాగోలేదు’ అని ఆసుపత్రికి వచ్చేవాళ్లు అరుదు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్న చినవాల్తేరు పేరెత్తితే చాలు, ‘పిచ్చాసుపత్రికా?’ అని ఇంటిల్లిపాదీ గుంజాటన పడతారు. అదే మనిషి ‘నిద్ర పట్టట్లేదు సిస్టర్, అన్నం సయించట్లేదు’ అని మాత్రం ఏ మొహమాటమూ లేకుండా చెప్తాడు. ఆ మాట ముందు చెవిన పడేది నర్సుకే.

నిద్ర గురించి ‘బాగా పడుతోందా?’ అని అడిగితే ‘ఆఁ’ అనేస్తారు. గంటలు అడగాలి. పడుకున్నది ఎన్నింటికి, కన్ను మూతపడింది ఎన్నింటికి, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, ఆఖరి మెలకువ ఎప్పుడు, పగలు కునుకు తీస్తున్నారా. రాత్రి 10కి పడుకుని, 11.30కి నిద్రపట్టి, 3.30కే మెలకువ వచ్చి 6 దాకా దొర్లుతున్నారంటే మంచం మీద 8 గంటలు, నిద్ర 4 గంటలు. అంటే సగం. 85 శాతం ఉంటే ఫరవాలేదు అనుకోవచ్చు. అడగాల్సింది నిన్న రాత్రి గురించి కాదు, ఆసుపత్రిలో చేరకముందు రెండు వారాల గురించి. తెల్లారకుండానే లైట్లు వేసి రక్తం తీస్తుంటే, పక్క బెడ్ మానిటర్ మోగుతుంటే ఎవరి నిద్రైనా చెడుతుంది. ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లని సెలవు రోజు నిద్ర విడిగా అడగాలి.

నిద్ర ఎలా చెడిందన్నదీ ఒక కబురే. పడుకున్నాక ఆలోచనలు తిరుగుతూ నిద్రపట్టకపోవడం ఆందోళనలో ఎక్కువ. తెల్లవారుజామునే లేచి, ఆ వేళకే గుండె బరువెక్కినట్టుండటం డిప్రెషన్‌లో ఎక్కువ. రెండు మూడు గంటలే పడుకుని, అలసట లేకుండా హుషారుగా తిరుగుతూ, ఆగకుండా మాట్లాడుతుంటే అది నిద్రలేమి కాదు, మేనియా, అంటే హుషారు అదుపు తప్పే మానసిక జబ్బు, కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే డిప్రెషన్ మందు ఒక్కటే మొదలై పరిస్థితి ముదరొచ్చు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లకు స్లీప్ యాప్నియా ఉండొచ్చు. పగలంతా నీరసం, చిరాకు చూసి డిప్రెషన్ అనుకుని నిద్రమాత్ర ఇస్తే ఊపిరికే ముప్పు. బాలింత సంగతి వేరే చెప్పాలి. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర రాకపోవడం, దాంతోపాటు అనుమానాలు, పొంతన లేని మాటలు మొదలవడం, అదీ కాన్పైన మొదటి రెండు వారాల్లో అయితే ఆ రోజే మానసిక వైద్యుడు చూడాలి. ‘పచ్చి బాలింత కదా, సర్దుకుంటుంది’ అనడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు.

ఇక తిండి. నోటి మాట కన్నా ప్లేటును నమ్మడం మేలు. ప్లేటు ఖాళీ అయిందంటే రోగి తిన్నట్టు కాదు, తోడున్నవాళ్లు తిని ఉండొచ్చు. ఎంత మిగిలిందో పావు, సగం, ముప్పావు అని పూటపూటా రాస్తే మూడు రోజుల్లో తీరు తెలిసిపోతుంది. అన్నం ముట్టకుండా రోజుకు ఆరు టీలతో నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు నిద్ర ఎందుకు రావట్లేదో కూడా ఆ గ్లాసులే చెప్తాయి. బరువు చూసేటప్పుడు కాటా సున్నాలో ఉందా, చెప్పులు తీశారా అన్నవి చిన్న విషయాలే కానీ తప్పులన్నీ అక్కడే. పాత బరువు తెలియనప్పుడు ఆనవాళ్లు చూడండి: గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, బెల్టుకు కొత్త కన్నం పడిందా, జాకెట్టు కుట్లు లోపలికి వేయించుకున్నారా.

పోషకాహార లోపం లెక్కకు ‘మస్ట్’ అనే స్కోరు సులువు. బీఎంఐ (ఎత్తుకు బరువు సరిపోయిందా అని చూసే లెక్క) 20 దాటితే 0, 18.5 నుంచి 20 వరకు 1, అంతకు తక్కువైతే 2. గత మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా తగ్గిన బరువు 5 శాతం లోపైతే 0, 5 నుంచి 10 వరకు 1, పదికి పైనైతే 2. తీవ్రంగా జబ్బుపడి ఐదు రోజులకు మించి ఏమీ తినకపోయినా, తినే అవకాశం లేకపోయినా మరో 2. మొత్తం 2 గానీ, ఆ పైన గానీ వస్తే ముప్పు ఎక్కువ. 160 సెంటీమీటర్ల మనిషి 58 కిలోల నుంచి 52కి వస్తే బీఎంఐ 20.3, చూడటానికి బాగానే కనిపిస్తారు. కానీ తగ్గింది 10.3 శాతం, స్కోరు 2. కంటి అంచనా దెబ్బతినేది ఇక్కడే.

అయిదు రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు, గ్లూకోజు, హార్లిక్స్ ఒకేసారి పట్టించకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. డాక్టరు, డైటీషియన్ చెప్పినట్టు మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించకుండా మొదలుపెట్టాలి. మద్యం అలవాటున్నవాళ్లకు గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (విటమిన్ బి1) పడిందా అని నర్సు ఒకసారి అడిగితే మెదడు దెబ్బతినకుండా ఆగుతుంది.

నిద్ర, తిండి రెండూ చెడితే డిప్రెషన్ అనేయడానికీ లేదు. క్షయ, క్యాన్సర్, థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగికి బి12 తగ్గొచ్చు. అందుకే నిద్ర, తిండి ద్వారంలాంటివి, తర్వాత అడగాల్సినవి మనసు ప్రశ్నలు రెండు. గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండటం ఎన్ని రోజులు? అసలు లేదంటే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 దాటినా, సరిగ్గా 3 వచ్చినా డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ తొమ్మిది ప్రశ్నలూ అడగాలి. అందులో 10 గానీ, ఆ పైన గానీ వస్తే డాక్టరుకు చెప్పి తీరాలి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అది నిజం కాదు. కానీ అత్తగారు పక్కన కూర్చుని ఉండగా అడగకూడదు. తోడున్నవాళ్లను టిఫిన్‌కు పంపి, కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని అడగాలి. పాడేరు, అరకు వైపు నుంచో కోరాపుట్ నుంచో వచ్చిన మనిషికి తెలుగు రాకపోతే ఈ ఒక్క ప్రశ్నకైనా కుటుంబ సభ్యుడు కాని దుబాసీ కావాలి. స్కోరు ఎంతైనా ‘అవును’ అంటే ఒంటరిగా వదలకూడదు. పక్కనున్న మాత్రలు, బ్లేడు తీసేసి, బాత్రూమ్ గడియ వేసుకోకుండా చూసి, డ్యూటీ డాక్టరును అప్పుడే పిలవాలి. 14416, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే నంబరు. వార్డులో డాక్టరుకు బదులు కాదు.

పెద్దవయసు వాళ్లలో ఒక్క రాత్రిలో నిద్ర తలకిందులైతే ముందు డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి తెలివి తికమకపడటం, అనుకోవాలి. పగలంతా మగతగా ఉండే పెద్దాయన్ని ‘ప్రశాంతంగా ఉన్నారు’ అని రాయడం ప్రమాదం. ఆక్సిజన్, షుగర్, సోడియం, మూత్రం, మలబద్ధకం, కొత్తగా ఇచ్చిన మందులు చూడాలి.

ఇదంతా ప్రతి రోగికీ చేయమంటే రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క సిస్టర్ ఏ కొసనని పట్టుకుంటుంది? కొత్త ఫారం ఒకటి అచ్చేసి చేతులు దులుపుకుంటే అదీ ‘నార్మల్’ అనే నిండుతుంది. మూడు రోజులు దాటి వార్డులో ఉన్నవాళ్లు, బాలింతలు, పక్షవాతం, గుండెపోటు, క్యాన్సర్, డయాలిసిస్, కాలిన గాయాలవాళ్లు, మద్యం మానేసినవాళ్లు, 65 దాటినవాళ్లతో మొదలుపెట్టమనండి. స్కోరు ఎంత దాటితే ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రి ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో ముందే నర్సుల టేబుల్ అద్దం కింద కాగితం మీద పెట్టమనండి.

— ఒక నర్సింగ్ అధ్యాపకురాలు, విశాఖపట్నం