ఒంటిపూట బడి, తోట వంతులు

తల్లిదండ్రులకు, బడి వెనక వీధివారికి నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లల్ని ఉదయం 7.45కల్లా పంపండి, నెత్తిన టోపీయో తువ్వాలో ఉండేలా చూడండి. పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ ఉత్తరం తోట గురించి.

సంక్రాంతి తర్వాత ప్రహరీకి, కాలువగట్టుకి మధ్య జాగాలో మనమంతా కలిసి పెట్టిన పాదులు పందిరెక్కేశాయి. గోంగూర, తోటకూర వారానికి రెండుసార్లు మధ్యాహ్న భోజనంలో పప్పులోకి వెళ్తున్నాయి. పళ్లేలు కడిగిన నీళ్లు అరటికీ కందకీ పారేలా చిన్న బోదె తీశాం. మన రేగడి తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఏడాదిపాటు వానకి నాని నల్లబడ్డ కొబ్బరి పొట్టు కలిపాకే గుల్లబారింది. పచ్చి పొట్టు మాత్రం ఎవరూ తేకండి, మొక్కలు పసుపెక్కిపోతాయి.

ఆనపాదు పువ్వులన్నీ రాలిపోతుంటే దిష్టి తగిలిందని ఎవరో పందిరికి పాత చెప్పు కట్టారు. తీయించలేదు, ఉండనిచ్చాను. కానీ ఆనప పువ్వు విచ్చుకునేది పొద్దువాలాక, అప్పటికి తేనెటీగలు ఇళ్లకి పోతాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడో తరగతి పిల్లలు, ఎదురింటి మామ్మగారు కలిసి తేనెటీగలు చేసే ఆ పుప్పొడి అంటించే పని చేస్తున్నారు. మగపువ్వు తెంపి, తెల్ల రేకులు వెనక్కి విరిచి, ఆడపువ్వు నడిమధ్యన మెల్లగా అద్దుతారు. ఆడపువ్వు కింద బొటనవేలంత నూగు పిందె ఉంటుంది, అదే గుర్తు. వారం తిరిగేసరికి 11 పిందెలు నిలిచాయి. చెప్పు మహిమేనని మామ్మగారు ఇప్పటికీ అంటారు.

పొట్లకాయలు తిన్నగా సాగడానికి రాళ్లు కట్టే పని రెండో తరగతికి అప్పగించడం నా పొరపాటు. ఒక కాయకి చెంబంత రాయి కట్టారు. తెగి కిందపడింది.

ఇక అసలు సంగతి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు కాగానే కాలువకి నీళ్లు ఆపేస్తారు. ఆపైన వేసవి సెలవులు. పోయినేడు ఎవరో ఒకరు పోస్తారులే అనుకుని తాళం వేసుకుని వెళ్లాను. జూన్‌లో తిరిగొచ్చేసరికి పందిరి మీద ఎండుతీగలు, కింద మేకల పెంటికలు. తప్పు నాదే, ఎవరికీ చెప్పలేదు కదా. దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు పొలాలకి వంతులు పెట్టుకోవడం మనకి పుట్టుకతో వచ్చిందే, తోటకీ అలాగే పెట్టుకుందాం. రోజుకి రెండిళ్లు, ఎండ తగ్గాక ఓ గంట. బోరు నీళ్లు వేసవిలో కాస్త ఉప్పనవుతాయి, ఆకుల మీద చల్లితే అంచులు మాడతాయి. పాదు మొదట్లోనే పోయండి, పైన ఎండు కొబ్బరాకు కప్పండి.

కాయలెవరివన్న గొడవ ఇంతకుముందు వచ్చింది కనుక ముందే చెప్పేస్తున్నాను. బడి ఉన్నన్నాళ్లూ వంటగదికి, సెలవుల్లో ఆ రోజు వంతు వాళ్లకి. విత్తనానికని ఎర్రదారం కట్టిన రెండు ఆనపకాయల్ని మాత్రం ముట్టుకోకండి, ఎంత లేతగా కనిపించినా సరే.

వంతుల కాగితం ఆఫీసు గది తలుపుకి అంటించాం. శనివారంలోగా పేరు రాయండి. వచ్చేటప్పుడు మీ బిందె మీరే తెచ్చుకోండి, బడి బకెట్లు రెండూ కారుతున్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు