సీనియర్ జియాలజిస్ట్ పోస్టు గురించి గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

సీనియర్ జియాలజిస్ట్ పోస్టుకి ఇకమీదట ఫీల్డ్ అనుభవం అడగక్కర్లేదు, పీజీ డిగ్రీ, సర్వీసు ఏళ్లూ ఉంటే చాలు అని రూల్ మార్చబోతున్నారని మీ శాఖలోనే అనుకుంటున్నారండి. సంతకం పడ్డాక మొత్తుకుని లాభం లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డ్యామ్ సైట్ దగ్గర కోర్ లాగింగ్ చేసేవాణ్ణి. అంటే డ్రిల్లింగ్‌లో పైకొచ్చిన రాతి కడ్డీల్ని పెట్టెలో వరసగా పేర్చి, ఏ లోతులో ఏ రాయి ఉంది, ఎక్కడ పగులుంది అని టేపు పెట్టి కొలిచి రాసుకోవడం. 10 సెంటీమీటర్లు, ఆ పైన ఉన్న ముక్కలన్నీ కూడి, డ్రిల్ చేసిన పొడవులో శాతం కడితే వచ్చే ఆర్‌క్యూడీ (రాయి నాణ్యత చెప్పే అంకె) లెక్క నాకు కాలేజీ నుంచే కంఠతా. ఒకరోజు 3 మీటర్లు డ్రిల్ చేస్తే పెట్టెలోకి 2.6 మీటర్లు వచ్చింది, వచ్చిన రాయి సుత్తితో కొడితే ఖంగుమంటోంది, శాతం కూడా బ్రహ్మాండంగా ఉంది, ఇంకేముంది రాయి గట్టిది అని రాసేశా. మా సీనియర్ వచ్చి పెట్టె పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి "మిగతా 40 సెంటీమీటర్లు ఏవయ్యా?" అన్నారు. రాలేదు సార్ అన్నా. "రానిదే కదా మనకి కావాల్సింది! గట్టి రాయి ఎలాగూ పైకొస్తుంది, మెత్తటిది డ్రిల్లింగ్ నీళ్లలో కొట్టుకుపోతుంది, రేపు జారితే దాని మీదే జారుతుంది" అని తిట్టి, పక్కనే ఇంకో బోరు నెమ్మదిగా వేయించారు. జానెడు మందాన బూడిదరంగు బంకమట్టి. వేలితో నొక్కితే దిగిపోయింది. డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ మొహం చూడాలి ఆరోజు.

ఇది పాతకాలం మేస్త్రీ చాదస్తం అనుకోకండి. ఇటలీలో వాయోంట్ డ్యామ్ పక్క కొండ మీద 1960లో బోర్లు వేస్తే జారుడు పొర దొరకలేదు. కాళ్లరిగేలా కొండంతా తిరిగి ఇది పాత ల్యాండ్‌స్లైడ్ అని పట్టుకున్నది ఎడొఆర్డో సెమెంజా అనే కుర్ర జియాలజిస్ట్, ఆయన ఆ డ్యామ్ డిజైన్ చేసిన ఇంజినీరు కొడుకే. అయినా రిజర్వాయర్ నింపారు. 1963 అక్టోబర్ 9 రాత్రి సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ నీళ్లలోకి జారి, అల డ్యామ్ మీంచి దూకి, దాదాపు 2000 మంది పోయారు. డ్యామ్ మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. జారింది సున్నపురాయి మధ్యలో ఉన్న పల్చటి బంకమట్టి పొరల మీద అని తర్వాత తేల్చారు.

ఖనిజాల సంగతీ అంతే. ఇండోనేషియాలో బుసాంగ్ దగ్గర లేని బంగారం ఉందని చూపించిన కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ మోసం 1997లో బయటపడింది, మామూలుగా కోర్‌ని నిలువునా కోసి సగం దాచిపెడతారు, వాళ్లు మొత్తం పొడి చేసేశారు, మళ్లీ టెస్ట్ చేద్దామంటే మిగిలింది లేదు. ఆ దెబ్బకి కెనడా 2001లో కొత్త రూల్ తెచ్చింది, ఖనిజ నిల్వల రిపోర్టు మీద సంతకం పెట్టేవాళ్లకి కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలని. అలాంటి రిపోర్టులకే ఆస్ట్రేలియాలో ఉన్న రూల్స్, జోర్క్ కోడ్ అంటారు, అదైతే అలాంటి ఖనిజ నిక్షేపాల్లోనే 5 ఏళ్లు చేసుండాలంటుంది. ప్రైవేటు కంపెనీ రిపోర్టుకే ఇంత అడుగుతుంటే, ఆ రిపోర్టు సరైందో కాదో చెప్పాల్సిన గవర్నమెంటు మనిషికి అసలు ఫీల్డే అక్కర్లేదంటే ఎలాగండీ?

డిగ్రీ ఉండాల్సిందే, కాదనను. దాంతోపాటు కనీసం 5 ఏళ్లు ఫీల్డ్‌లో చేసిన రికార్డు అడగండి. పోస్టు ఖాళీ అయితే వేరే సెక్షన్ ఆఫీసర్‌కి ఇన్‌ఛార్జి ఇచ్చి ఏళ్ల తరబడి నెట్టుకురాకండి. సీనియర్ "వద్దు" అని రాసిన కాగితం పైవాళ్లకి నచ్చకపోయినా, అది అలాగే ఫైల్లో ఉండేలా చూడండి. (జీపు కూడా ఇప్పించండి సార్, రిపేర్లో ఉందని ఫీల్డ్ క్యాన్సిల్ చేసుకున్న రోజులు నాకే లెక్కలేనన్ని.)

ఇంటర్వ్యూలో ఒక కోర్ బాక్స్ బల్ల మీద పెట్టించండి, ముక్కలు కొంచెం తక్కువ ఉండేలా. ఎవరు టేపు అడుగుతారో చూడండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ జియాలజిస్ట్