కారు అమ్మావు సరే, పాలసీ డబ్బు వదలకు

అమ్మణ్ణీ,

కారు అమ్మేశానన్నావు, సంతోషం. రేణిగుంట అబ్బాయి మంచి ధరే ఇచ్చాడు. కానీ ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది కదా, దాని సంగతేంటని అడిగితే "ఏజెంటు ఏమీ రాదన్నాడు, పోనీలే నాన్నా" అని తేలిగ్గా అనేశావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఫోన్లో చెబితే మీటింగ్ ఉందని మధ్యలో పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువు.

రాదనేది నిజం కాదు. వస్తుంది. కాకపోతే దానికో వరస ఉంది, ఆ వరస తప్పితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, అంతకంటే పెద్ద చిక్కు నీ మెడకు చుట్టుకుంటుంది.

ముందు డబ్బు సంగతి. మా ఇన్సూరెన్స్ కంపెనీ చిత్తూరు బ్రాంచిలో నేను మోటారు పాలసీలు చూసే రోజుల్లో షార్ట్ పీరియడ్ స్కేల్ అని ఒక పట్టిక ఉండేది. పాలసీ తీసుకున్నవాళ్లు తమంతట తాము మధ్యలో రద్దు చేసుకుంటే, నెల లోపయితే కంపెనీ ప్రీమియంలో 20 శాతం ఉంచుకునేది, రెండు నెలలకు 30, మూడు నెలలకు 40, అలా నెలకు పది చొప్పున పెరుగుతూ పోయి ఎనిమిది నెలలు దాటాక మొత్తం కంపెనీదే, పైసా వెనక్కి రాదు. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి బండి అమ్ముకుని వచ్చిన రైతులు బల్ల ముందు నిలబడి "సగం రోజులే వాడినా కదా సార్, సగం కూడా రాదా" అని అడిగేవాళ్లు. న్యాయమైన ప్రశ్న, నా దగ్గర మాత్రం ఆ పట్టిక తప్ప జవాబు ఉండేది కాదు. మీ ఏజెంటు బుర్రలో ఇంకా ఆ పాత పట్టికే ఉన్నట్టుంది.

ఇప్పుడు ఆ పద్ధతి లేదు. 2024 జూన్ 11న ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం పాలసీని మనం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఏడాది పాలసీ అయ్యుండి, ఆ ఏడాదిలో క్లెయిమ్ ఏదీ చేసుకోకపోతే, మిగిలిన రోజులకు లెక్కకట్టి ప్రీమియం వెనక్కి ఇవ్వాల్సిందే. నువ్వు ఈ పాలసీలో ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు, చిన్న గీత పడితే కూడా సొంత డబ్బుతోనే చేయించుకున్నావు.

నీ పాలసీ కాగితం నా దగ్గర కాపీ ఉంది, తీసి చూశా. ఓన్ డ్యామేజీకి, అంటే మన కారుకు జరిగే నష్టానికి, 8,584, థర్డ్ పార్టీకి, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి, 3,416, రెండూ కలిపి 12,000. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే. నాలుగు నెలలు వాడావు, ఎనిమిది నెలలు మిగిలాయి. పాత పట్టికయితే నాలుగు నెలలకే సగం పోయి 6,000 వచ్చేది, ఇప్పటి లెక్కన పన్ను పక్కన పెట్టినా 8,000 దాకా రావాలి. పోనీలే అనడానికి అది ఏజెంటు డబ్బు కాదు, కంపెనీ డబ్బూ కాదు, రాత్రిళ్లు కూర్చుని పనిచేసి నువ్వు కట్టిన డబ్బు.

ఇక అసలు భయం. ఈ ఉత్తరం చదివిన ఊపులో వెంటనే రద్దుకు మెయిల్ పెట్టేయొద్దు! కారు ఆ అబ్బాయి చేతిలో ఉంది, ఆర్‌సీ ఇంకా నీ పేరు మీదే ఉంది. కొత్తగా కారు కొన్నవాడు ఏం చేస్తాడు, అలిపిరి దగ్గర పూజ చేయించి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండకు బయల్దేరతాడు. ఆ ఘాట్ రోడ్డు మలుపులు నీకు తెలియనివి కావు. అక్కడ ఎవరికైనా తగిలి, అప్పటికే నువ్వు పాలసీ రద్దు చేసి ఉంటే? 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తేల్చి చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం ముందు వాళ్లే ఓనరని, పరిహారం బాధ్యత వాళ్లదేనని. ఎనిమిది వేల కోసం లక్షల బాధ్యత నెత్తిన పెట్టుకున్నట్టు అవుతుంది. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా అది, దెబ్బ తగిలిన కుటుంబానికి ఇన్సూరెన్స్ లేని బండి అంటే పరిహారం చేతికి రావడం కష్టమనే అర్థం.

అందుకని మొదట ఆర్‌సీ. బండి పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టావు కదా, అవి ఆ అబ్బాయి జేబులో ఉంటే చాలదు, ఆర్టీవోకు చేరాలి. మన రాష్ట్రంలోనే అమ్మావు కాబట్టి అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలని చట్టం. నువ్వు బెంగుళూరులో ఉన్నావని అతనిమీదే వదిలేయొద్దు, రవాణా శాఖ వాళ్ల పరివహన్ సైట్లో బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో చూసుకుంటూ ఉండు.

రెండోది, అతను తన పేరు మీద పాలసీ తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలో 157వ సెక్షన్ ఉంది, బండి అమ్మితే పాలసీ కొన్నవాడికి బదిలీ అయినట్టే లెక్క అంటుంది, కానీ అది థర్డ్ పార్టీ వరకే అక్కరకొస్తుంది. అతను 14 రోజుల్లో కంపెనీకి అర్జీ పెట్టి పేరు మార్పించుకోకపోతే, రేపు అతని కారుకు దెబ్బ తగిలినప్పుడు ఓన్ డ్యామేజీ కింద ఏమీ రాదు. ఈ విషయం అతనికి కూడా చెప్పు, పాపం తెలియకపోవచ్చు. అతను నీ పాలసీనే తన పేరుకు మార్పించుకుంటానంటే మార్పించుకోనీ, అప్పుడు రద్దు, రిఫండు ఉండవు, మిగిలిన ఎనిమిది నెలల విలువ అతని దగ్గరే అడిగి తీసుకో, అడగడంలో తప్పేం లేదు. వేరే కంపెనీలో కొత్తగా తీసుకుంటే ఆ పాలసీ కాపీ ఒకటి పంపించమను. అది నీకు చాలా ముఖ్యం, ఎందుకంటే బండి అమ్మిన తరువాత వేరేచోట ఇన్సూరెన్స్ ఉందని రుజువు చూపిస్తేనే నీ పాలసీ రద్దు చేస్తారు, పాలసీ నిబంధనల్లోనే ఆ మాట రాసి ఉంటుంది.

మూడోది నువ్వు మర్చిపోతావని నాకు గట్టి అనుమానం. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది బండిది కాదు తల్లీ, నీది. నీ పాలసీ మీద 35 శాతం ఉంది, అంటే మూడేళ్లు జాగ్రత్తగా నడిపినందుకు వచ్చింది. కారుతో పాటు దాన్ని కూడా ఇచ్చేయకు. కారు అమ్మిన రుజువు చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకో, మూడేళ్ల దాకా చెల్లుతుంది. కొత్త కారు కొనేటప్పుడు ఓన్ డ్యామేజీ ప్రీమియం 20,000 అయిందనుకో, అందులో 7,000 తగ్గుతుంది. షోరూమ్‌లో వాళ్లంతట వాళ్లు అడగరు, నువ్వే బయటికి తీయాలి. రద్దు కోసం రాసే మెయిల్లోనే ఇది కూడా అడుగు, విడిగా అయితే మళ్లీ వాయిదా పడుతుంది.

ఏజెంటు ఇంకో మాట కూడా అన్నాడన్నావు, "కొత్త కారు పాలసీలో సర్దుబాటు చేస్తా మేడమ్" అని. ఒప్పుకోవద్దు. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలో 64వీబీ సెక్షన్ ఉంది, రద్దయిన పాలసీ తాలూకు ప్రీమియం నేరుగా పాలసీదారుకే ఇవ్వాలి, ఏ పరిస్థితిలోనూ ఏజెంటు ఖాతాలో జమ చేయకూడదు అంటుంది. అతను చెడ్డవాడని కాదు, అతని చేతిలోకి వెళ్లాల్సిన అవసరమే లేదు. మెయిల్ కంపెనీకి పెట్టు, నీ బ్యాంకు ఖాతా వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు జత చేయి, ఎన్ని రోజులకు ఎంత లెక్క వేశారో రాసి ఇమ్మను.

వాళ్లు జవాబివ్వకపోయినా, పాత లెక్క చెప్పినా టెన్షన్ పడకు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయి, తరువాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టు, 155255కు ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల దాటినా తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, రూపాయి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అంతదూరం పోదు, సర్క్యులర్ తేదీ మెయిల్లో కనబడితే చాలావరకు అక్కడే దారికొస్తారు.

ఫాస్టాగ్ కూడా ఇవాళే మూయించు, లేకపోతే అతను టోల్‌గేట్ దాటినప్పుడల్లా నీ డబ్బు కట్ అవుతుంది.

ఆర్‌సీలో పేరు మారగానే స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపు. ఆ అబ్బాయి పాలసీ కాపీ ఇవ్వడానికి నసిగితే నాకు నంబరివ్వు, రేణిగుంట ఎంత దూరం, నేనే వెళ్లి తెచ్చుకుంటా. మెయిల్ నువ్వే రాయి, కానీ పంపే ముందు నాకు చూపించు.

మీ నాన్న
తిరుపతి