మునిగిన మోటారుకు స్విచ్ వేయకండి

సంపాదకులకు,

వానాకాలం వస్తోందంటే బుడమేరు వాగు గట్ల గురించి మీ పత్రికలో వార్తలు మొదలవుతాయి. గట్ల సంగతి ఇంజినీర్లు చూసుకుంటారు. నేను రాసేది మోటార్ల సంగతి. పాయకాపురంలో మాది వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే షాపు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి కదా. నీళ్లు తీశాక మోనోబ్లాకులు, జెట్ పంపులు, గ్రైండర్లు, వాషింగ్ మెషిన్ మోటార్లు షాపు ముందు గుట్టలు పడ్డాయి. వాటిలో నీళ్లకు పోయినవి తక్కువ. కరెంటు రాగానే, తిరుగుతుందేమో చూద్దామని స్విచ్ వేసి కాల్చుకున్నవే ఎక్కువ.

వైండింగ్ తీగకు ఎనామిల్ పూత, దానిమీద వార్నిష్ ఉంటాయి. నాలుగు రోజుల నీటికి అవి పాడైపోవు. ప్రమాదమంతా తీగ చుట్లు కూర్చునే స్లాట్లలో ఇరుక్కున్న బురదతో, తేమతోనే. ఆ తడిమీద 230 వోల్టులు ఇస్తే కరెంటు బాడీలోకి దిగుతుంది. మోటారు సరే, దాన్ని ముట్టుకున్న మనిషి మాటేమిటి?

మేం ముందు మోటారు విప్పి, లోపల తిరిగే రోటరు తీసేసి, తీగ చుట్టి ఉండే కదలని భాగాన్ని, అంటే స్టేటరును మంచినీళ్లతో కడుగుతాం. మునిగిందాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేంటని మొహం చిట్లించేవాళ్లు ఉంటారు. బురద అలాగే ఎండి గట్టిపడితే లోపలి తేమ బయటికి రాదండి. ప్రెషర్ పంపు మాత్రం కొట్టకూడదు, స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం లేచిపోతుంది. తర్వాత ఓవెన్‌లో 80, 90 డిగ్రీల దగ్గర నిదానంగా ఆరబెట్టాలి. తొందరపడి వంద దాటిస్తే లోపలి నీరు ఆవిరై ఇన్సులేషన్ చీల్చుకుని వస్తుంది. మధ్యమధ్యలో 500 వోల్టుల మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత బాగుందో మెగోమ్‌లలో చూపించే మీటరు, పెట్టి చూస్తాం. వేడెక్కేకొద్దీ రీడింగు ముందు పడిపోతుంది, తేమ పోతున్నకొద్దీ పైకెక్కి ఒకచోట నిలబడుతుంది. ఆ పడిపోయిన రీడింగు చూపించి, "ఇది పోయింది, రీవైండింగే" అనే మేస్త్రీలు ఉన్నారు. కొందరు తెలియక అంటారు, కొందరు తెలిసే అంటారు. ఇంట్లో వాడే చిన్న మోటారు చల్లారాక 5 మెగోమ్‌లు దాటి చూపిస్తే, బేరింగులు, కండెన్సరు మార్చి, వార్నిష్ పట్టించి వాడుకోవచ్చు. రీవైండింగ్ ఖర్చులో ఇది చిన్న వంతు.

బోరు సబ్‌మెర్సిబుల్ పైకి లాగించి డబ్బు తగలేసినవాళ్లనూ చూశాను. అది ఉండేదే నీళ్లలో. బోరులోకి బురద దిగకపోతే చూసుకోవాల్సింది గోడకున్న స్టార్టరు డబ్బానే.

సెల్లార్లలో జనరేటర్లది ఇంకో బాధ. నీళ్లు తోడీ తోడకముందే కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొడతారు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ఇంజెక్టర్లు విప్పి, ఇంజను చేత్తో తిప్పి నీళ్లు పోనివ్వాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తెల్లగా మజ్జిగలా కనిపించిందంటే నీళ్లు కలిసినట్టే. ఆయిల్, డీజిలు, ఫిల్టర్లు అన్నీ మార్చాలి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరును పైన చెప్పినట్టే ఆరబెట్టుకోవచ్చు. వోల్టేజీని అదుపులో ఉంచే ఏవీఆర్ కార్డు, డయోడ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అప్పట్లో ప్రభుత్వం మునిగిన గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లకు 25 వేలు ఇచ్చింది. అందులోంచి అక్కర్లేని వైండింగ్‌కు పోసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇలా రాస్తే నీ బేరమే పోతుందని తోటి షాపువాళ్లు నవ్వుతున్నారు. ఆ నెలలో చేసేవాడు దొరక్క వచ్చిన పనే తిప్పి పంపాం, ఇంక పోయే బేరమేముంది?

నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. ముంపు ప్రాంతాల్లోని ప్రతి వార్డు సచివాలయంలో ఒక మెగ్గర్ ఉంచండి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లలకు దాన్ని వాడటం వచ్చు, వాళ్లను ఇంటింటికీ పంపండి. లైన్లకు మళ్లీ కరెంటు ఇచ్చే ముందురోజే ఆటోకు మైకు కట్టి, మునిగిన మోటారు, ఫ్రిజ్, గ్రైండరు ప్లగ్గులు పీకేయమని, జనరేటరుకు సెల్ఫ్ కొట్టొద్దని వీధివీధికీ చెప్పించండి.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
పాయకాపురం, విజయవాడ